ఉబ్బసం ఉన్న పిల్ల కొండ ఎక్కవచ్చునా?



గురుకుల పాఠశాలల్లో చదివే పిల్లల తల్లులకు ఈ మధ్య ఒక కొత్త చిక్కు వచ్చింది. పిల్లను కొండలెక్కే శిక్షణకు ఎంపిక చేశారు. ఇంటికి ఒక ఫారం వస్తుంది, సంతకం పెట్టి పంపాలి. అందులో ‘ఇంతకుముందు ఏమైనా జబ్బులున్నవా?’ అని ఒక గడి. పిల్లకేమో చిన్నప్పటి నుంచీ చలికాలం వస్తే ఎగపోత, రాత్రిళ్ళు పిల్లికూతలు. ఉబ్బసం అని రాస్తే పిల్లను తీసేస్తారేమోనని ఒక భయం. రాయకపోతే అక్కడ కొండమీద ఏమవుతుందోనని ఇంకొక భయం. రేపు సంబంధాలు చూసే వేళకు ఈ మాట ఊరంతా పాకుతుందేమోనని మూడో భయం. మూడూ ఉత్తుత్తి భయాలు కావు. అంచేత తల్లిని కోప్పడకుండా, అసలు సంగతి ఏమిటో మొదటి నుంచీ చూద్దాం.

మంచుకొండలెక్కడం మన పిల్లల పని కాదనే రోజులు పోయాయి. 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డ ఇద్దరు తెలుగు పిల్లలను మీరు మరిచిపోయి ఉండరు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు ఇంకా నిండలేదు. ఆమెతో పాటు ఎక్కిన సాధనపల్లి ఆనంద్ కుమార్ మనవాడే. అప్పటి ఖమ్మం జిల్లా చర్ల మండలం పిల్లవాడు. (2016లో జిల్లాలు మారాక చర్ల, భద్రాచలం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చాయి.) ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. ముందు భువనగిరి రాతిగుట్ట మీద తాళ్ళు పట్టుకుని నేర్చుకున్నారు, తర్వాత డార్జిలింగు పర్వతారోహణ సంస్థలో, ఆ తర్వాత లడఖ్ చలిలో. చివరకు టిబెట్టు వైపు నుంచి ఎక్కారు. గోదావరి ఒడ్డున, సముద్ర మట్టానికి వంద మీటర్ల ఎత్తు కూడా లేని చోట పెరిగిన కుర్రవాడు 8,848 మీటర్ల ఎత్తుకు వెళ్ళాడన్నమాట. వాళ్ళకు ఉబ్బసం ఉన్నదని కాదు సుమండీ నేను చెప్పేది. మెట్టు మెట్టుగా అలవాటు చేస్తే మైదానంలో పుట్టిన ఊపిరి కూడా ఎత్తుకు లొంగుతుందని చెప్పడానికి ఈ మాట.

ఇక ఉబ్బసం సంగతి. మన ఊపిరితిత్తుల్లోకి గాలి తీసుకుపోయే గొట్టాలు చెట్టుకొమ్మల్లా చీలుతూ పోయి చివరకు వెంట్రుకలంత సన్నబడతాయి. ఉబ్బసం ఉన్నవారిలో ఆ గొట్టాల లోపలి పొర ఎప్పుడూ కొద్దిగా వాచి, ఎర్రబడి ఉంటుంది. రోగికి అది తెలియదు. బాగానే తిరుగుతూ ఉంటుంది. పొగ తగిలినా, దుమ్ము తగిలినా, జలుబు చేసినా ఆ వాచిన గొట్టం చుట్టూ ఉన్న కండరం గబుక్కున బిగుసుకుంటుంది. అప్పుడు గాలి లోపలికి పోవడం కంటే బయటికి రావడమే కష్టం. ఆ ఇరుకు సందులో నుంచి వచ్చే చప్పుడే పిల్లికూత.

పరుగు, ఆటలు, ఎక్కుడు - వీటితో కూడా ఈ బిగుతు వస్తుంది. ఎందుకో చూడండి. మామూలుగా మనం ముక్కుతో గాలి పీలుస్తాం. ముక్కు ఆ గాలిని వెచ్చబరచి, తడిచేసి లోపలికి పంపుతుంది. ఒగురుస్తూ పరుగెత్తేటప్పుడు నోరు తెరుస్తాం గదా, పొడిగాలి, చల్లగాలి తిన్నగా గొట్టాల్లోకి పోతుంది. పొర మీది తడి ఆరిపోతుంది. గుడ్డ ఆరితే ముడుచుకున్నట్టు కాదుగానీ, ఆ ఆరుదలకు లోపలి కణాలు రేగి కొన్ని రసాయనాలు వదులుతాయి, కండరం బిగుస్తుంది. ఇందులో తల్లులూ పంతుళ్ళూ పొరపడే విషయం ఒకటుంది. ఈ ఆయాసం ఎక్కువమందికి పరుగెత్తేటప్పుడు కాదు, ఆగిన తర్వాత అయిదు పది నిమిషాలకు ముదురుతుంది. ‘ఆటలో బాగానే ఉందమ్మా, కూర్చోగానే దగ్గు మొదలుపెట్టింది, వేషాలు’ అని డ్రిల్లు మాస్టరు అంటే, పాపం ఆయన తప్పూ లేదు, పిల్లది వేషమూ కాదు. అర గంట, గంటలో అదే సర్దుకుంటుంది గనుక ఎవరూ పట్టించుకోరు. ఖోఖో, కబడ్డీ వంటి ఆగి ఆగి ఆడే ఆటల్లో ఇది తక్కువ, దూరపు పరుగుల్లో ఎక్కువ.

అలాగని ఆట మాన్పించనక్కరలేదు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్సులో అమెరికా జట్టును పరీక్షిస్తే 597 మందిలో 67 మందికి ఈ వ్యాయామపు ఆయాసం ఉందని తేలింది. ఆ 67 మందీ కలిసి 41 పతకాలు తెచ్చారు! ఇంగ్లండుకు చెందిన పౌలా రాడ్‌క్లిఫ్‌కు చిన్న వయసు నుంచే ఉబ్బసం. ఆమె 2003లో లండనులో మారథాన్ పరుగును 2 గంటల 15 నిమిషాల 25 సెకండ్లలో పూర్తి చేసింది. పదహారేళ్ళు ఆ రికార్డును ఏ ఆడమనిషీ దాటలేదు. ఆమె శిక్షణలో చాలా భాగం ఎక్కడ జరిగిందంటారు? పిరనీస్ కొండల్లో, 1,800 మీటర్ల ఎత్తున ఉన్న ఫాంట్ రోమో అనే ఊళ్ళో. మందు మానలేదు, దాచనూ లేదు.

ఎత్తుకు పోతే ఏమవుతుందో ఇప్పుడు చూద్దాం. పైకి పోయిన కొద్దీ గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. పాలు తగ్గదు. అక్కడా ఇక్కడా నూటికి ఇరవై ఒక్క వంతే. తగ్గేది గాలి ఒత్తిడి. 5,500 మీటర్ల దగ్గర ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదాంట్లో సగం, ఎవరెస్టు కొనన మూడో వంతు. అందుచేత ఒక్క పీల్పులో దక్కే ప్రాణవాయువు ఆ లెక్కనే తగ్గుతుంది. వంటింటి లెక్కలో చెప్పాలంటే, లేహ్‌లో నీళ్ళు 90 డిగ్రీల లోపే మరిగిపోతాయి, కుక్కరు లేకుండా కందిపప్పు ఉడకదు. పప్పును ఉడకనివ్వని ఆ తక్కువ ఒత్తిడే మనిషిని ఒగర్చేలా చేస్తుంది.

మన చుట్టుపక్కల కొండలు ఈ లెక్కలోకి రావు. పాపికొండలైనా, తిరుమల మెట్లయినా, అరకు అయినా వెయ్యి మీటర్ల లోపు మాటే. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో ఎత్తైనవి కూడా 1,700 దాటవు. ఎత్తు జబ్బు అనేది సుమారు 2,500 మీటర్లు దాటాక మొదలయ్యే విషయం. తిరుపతి కొండ నడిచి ఎక్కాను గనుక కేదారనాథం ఎక్కుతాను అనేవారు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఉబ్బసానికి ఎత్తు మంచి, చెడు రెండూ చేస్తుంది. గాలి పలచన గనుక ఇరుకు గొట్టాల్లో నుంచి సులువుగా జారుతుంది. పక్కల్లో, పరుపుల్లో ఉండే కంటికి కనిపించని దుమ్ముపురుగులు పొడి కొండగాలిలో బతకలేవు. స్విట్జర్లాండులో 1,560 మీటర్ల ఎత్తున ఉన్న దావోస్ పట్నంలో ఉబ్బసం రోగులకు ప్రత్యేకంగా ఆసుపత్రి నడిపింది ఇందుకే. ఉబ్బసం ఉన్నంత మాత్రాన ఎత్తు జబ్బు మిగతావారికంటే ఎక్కువగా వస్తుందనీ తేలలేదు. ఇక చెడు. చలి, పొడిగాలి, విపరీతంగా ఒగర్చడం - పైన చెప్పుకున్న ఆ ఆరుదలకు మూడూ కలిసి వస్తాయి. గుడారాల్లో, కొండదారి టీ కొట్లలో కిరసనాయిలు పొయ్యి పొగ సరేసరి. ఆసుపత్రి ఎన్నో గంటల దూరం.

కనుక డాక్టర్లు చెప్పే మాట ఇది: అదుపులో ఉన్న ఉబ్బసంతో కొండ ఎక్కవచ్చు, అదుపులో లేనిదానితో కూడదు. అదుపు అంటే ఏమిటి? గడిచిన నాలుగు వారాల్లో పగలు వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ ఆయాసం వచ్చిందా? ఆయాసంతో రాత్రి నిద్ర లేచిందా? ఉపశమనం మందు వారానికి రెండుసార్లు మించి పీల్చవలసి వచ్చిందా? ఆయాసం వల్ల ఆటగానీ పనిగానీ మానిందా? నాలుగింటికీ లేదు అంటేనే అదుపు. ఒక్కదానికి అవునన్నా ముందు డాక్టరు, తర్వాతే కొండ. ఈ మధ్యనే ఆసుపత్రిలో పడుకుని వచ్చిన పిల్లయితే ఈ ఏడుకు ఆపేయండి. కొండ ఎక్కడికీ పోదు.

మన ప్రాంతంలో అదుపు అంత తేలిక కాదు, ఆ మాటా చెప్పుకోవాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు తగలబెడతారు. తునికాకు కాలంలోనూ అడవిలో నిప్పు తప్పదు. ఎండిన ఆకు పొగ రాత్రిపూట పల్లె మీద పరచుకుని ఉంటుంది. ఇటు ఖమ్మం మిర్చి యార్డు వైపు పోతే కోరు తగిలి ఆరోగ్యవంతులకే దగ్గు ఆగదు. పాల్వంచ, కొత్తగూడెం, ఇల్లెందుల వైపు బొగ్గుదుమ్ము. ఇంట్లో కట్టెలపొయ్యి. గ్యాసు బండ వచ్చిన ఇళ్ళలో కూడా, నింపించడానికి డబ్బు చాలక, నీళ్ళు కాచడానికీ దాణా ఉడకబెట్టడానికీ కట్టెలే వాడతాం. ఆ పొయ్యిని పిల్ల పడుకునే గదికి దూరంగా, బయట చూరు కిందికి మార్చండి. పువ్వు ఏరడానికి చెట్టు కింద నిప్పు పెట్టకుండా పాత చీరో వలో పరిస్తే పువ్వు శుభ్రంగా ఉంటుంది, పిల్ల ఊపిరీ నిలుస్తుంది. కొండ మీది గాలి గురించి బెంగపడేవాళ్ళం ఇంట్లో పొగ గురించి ఎందుకు బెంగపడమో నాకు అర్థం కాదు.

మందు దగ్గర మనకు అపోహలు మెండు. ‘పీల్చే మందు అలవాటైపోతుంది, బిళ్ళలే మేలు’ అంటారు. లెక్క చూడండి. సాల్‌బ్యుటమాల్ బిళ్ళ ఒకటి 4 మిల్లీగ్రాములు. అదే మందు పీల్చే డబ్బాలో రెండుసార్లు నొక్కితే వచ్చేది బిళ్ళలో ఇరవయ్యో వంతు. బిళ్ళ ఒళ్ళంతా తిరిగి చేతులు వణికించి, గుండె దడ పుట్టించి అప్పుడు ఊపిరితిత్తికి చేరుతుంది. పీల్చేది తిన్నగా అక్కడికే పోతుంది. ఇందులోనూ రెండు రకాలున్నాయి. ఒకటి బిగుతును అప్పటికప్పుడు విప్పేది. రెండోది వాపును తగ్గించేది, రోజూ వాడవలసింది. చాలా ఇళ్ళలో మొదటిదే ఉంటుంది, రెండోది ‘బాగానే ఉంది గదా’ అని మానేస్తారు. కేవలం మొదటిదానితో కాలం గడపడం ప్రమాదమని ‘గ్లోబల్ ఇనిషియేటివ్ ఫర్ ఆస్మా’ అనే అంతర్జాతీయ నిపుణుల సంస్థ 2019 నుంచి గట్టిగా చెబుతున్నది. వాపు మందు పీల్చాక నోరు పుక్కిలించాలి, లేకపోతే నాలుక మీద తెల్లపూత వస్తుంది.

డబ్బా నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరని పిల్లలకు మధ్యలో పెట్టే గొట్టం అమ్ముతారు. కొనలేకపోతే అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగున డబ్బా మూతి బిగుతుగా పట్టేంత చిల్లు చేసి వాడవచ్చు. ఇది నా సొంత కవిత్వం కాదు. దక్షిణాఫ్రికా డాక్టర్లు పిల్లల మీద పరీక్షించి, కొన్న గొట్టంతో సమానంగా పనిచేసిందని 1999లో ప్రకటించారు.

మృగశిర కార్తెకు హైదరాబాదులో ఇచ్చే చేపమందు సంగతి అడుగుతారని నాకు తెలుసు. కొరమీను పిల్ల నోట్లో పసుపుపచ్చని మందు పెట్టి మింగిస్తారు, వేలమంది వెళ్తారు. ఆ మందు ఉబ్బసాన్ని తగ్గిస్తుందని వైద్యపరీక్షల్లో రుజువు కాలేదు. మీ నమ్మకం మీది. కాని అది మింగించి, రోజూ పీల్చే మందు మాన్పించి పిల్లను కొండకు పంపడం మాత్రం చెయ్యకండి.

శిక్షణకు రెండు మూడు నెలలు ముందునుంచే పిల్లను సిద్ధం చెయ్యాలి. భద్రాచలం వారికి కరకట్ట ఉంది, ఇంకొకరికి ఊరి గుట్ట ఉంటుంది. పొగమంచు, పొగ లేని వేళ చూసి నడక, తర్వాత ఎక్కుడు, తర్వాత వీపున బరువుతో ఎక్కుడు. ఏ రోజైనా తిన్నగా పరుగు మొదలుపెట్టకూడదు. పది పదిహేను నిమిషాలు కాసేపు వేగంగా, కాసేపు మెల్లగా కదలాలి. ఇలా ఒళ్ళు వేడెక్కిస్తే చాలామందికి ఆ తర్వాత గంట రెండు గంటలు గొట్టాలు అంత తొందరగా బిగుసుకోవు. ఆపేటప్పుడూ ఒక్కసారి ఆపకుండా మెల్లగా ఆపాలి. చల్లగాలిలో ముక్కూ నోరూ మూసేలా పల్చని ఊలుగుడ్డ కట్టుకుంటే విడిచిన ఊపిరిలోని వేడి, తడి అందులో నిలిచి పీల్చే గాలికి అందుతాయి. కొండవాళ్ళు మూతికి గుడ్డ చుట్టుకునేది అందంకోసం కాదు. వ్యాయామానికి పావుగంట ముందు ఏ మందు ఎన్నిసార్లు పీల్చాలో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతికి వస్తున్నాను. పైన ఆయాసం వస్తే అది ఉబ్బసమే అనుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. తొందరగా ఎత్తుకు పోయినవారికి, సాధారణంగా రెండో రాత్రి నుంచి నాలుగో రాత్రి లోపల, ఊపిరితిత్తుల్లోకి నీరు దిగవచ్చు. ఉబ్బసం లేనివారికీ వస్తుంది, మంచి వస్తాదులకూ వస్తుంది. ఊరికే కూర్చున్నా ఆయాసం తగ్గదు, నాలుగడుగులు వేస్తే కూలబడతారు, పెదవులు నీలమౌతాయి, ఛాతీలో గురగుర, ముదిరితే గులాబి రంగు నురగ. ఉబ్బసమైతే మందు పీల్చిన పది పదిహేను నిమిషాల్లో ఎంతో కొంత తెరిపి ఇస్తుంది. తెరిపి ఇవ్వలేదంటే అది నీరు దిగడమైనా కావచ్చు, ముదిరిన ఉబ్బసమైనా కావచ్చు. ఏది అయినా చేయవలసింది ఒక్కటే: ప్రాణవాయువు పెట్టి, కిందికి దింపాలి. తెల్లవారాక చూద్దామనకూడదు. పిల్ల తానుగా నడిస్తే ఆయాసం పెరుగుతుంది గనుక వీలైతే మోసుకుని దించాలి.

అయితే ఆ మాట అక్కడున్న గురువుకు తట్టాలంటే, ఈ పిల్లకు ఉబ్బసం ఉంది, ఫలానా మందు వాడుతుంది అని ఆయనకు ముందే తెలిసి ఉండాలి గదా? ఫారంలో గడి ఉన్నది అందుకు. ఉబ్బసం దాచిపెట్టిన పిల్ల ఏం చేస్తుందంటే, నలుగురిలో డబ్బా తియ్యడానికి సిగ్గుపడుతుంది. వెనకబడితే జబ్బు బయటపడుతుందని పళ్ళబిగువున నడుస్తుంది. తీరా పడిపోయాక అది ఉబ్బసమో, ఎత్తు జబ్బో, ఉత్త అలసటో చెప్పేవారు ఉండరు. కాబట్టి తల్లీ, రాయండి. ‘ఉబ్బసం ఉంది, అదుపులో ఉంది, వాడే మందులు ఇవి’ అని రాసి డాక్టరు కాగితం జతచెయ్యండి. అదుపులో ఉన్నదని డాక్టరు రాసిచ్చాక కూడా తీసేస్తే, ఎందుకు తీశారని అడిగే హక్కు మీకుంది. పెళ్ళి సంబంధాల మాట అంటారా, రేపు అత్తింటి వంటింట్లో దాచుకుని దగ్గడం కంటే ముందు చెప్పుకున్నదే మేలని నా అభిప్రాయం. మీకు నచ్చకపోవచ్చు.

పెద్దవాళ్ళ యాత్రల గురించి రెండు ముక్కలు. కేదారనాథం 3,583 మీటర్లు. గౌరీకుండం సుమారు 2,000. ఒక్క పగటిలో పదిహేను వందల మీటర్లకు పైగా ఎక్కేస్తాం. మూడు వేల మీటర్లు దాటాక, పడుకునే చోటు రోజుకు అయిదు వందల మీటర్ల కంటే ఎక్కువ పెంచవద్దని, మూడు నాలుగు రోజులకొక రోజు ఆగమని పర్వత వైద్యుల నియమం. డోలీలో పోతే కాళ్ళకు శ్రమ తప్పుతుంది గాని ఎత్తు తప్పదు. హెలికాప్టరులో అయితే నిమిషాల మీద అంత ఎత్తుకు చేరుస్తుంది, ఒంటికి అలవాటయ్యే వ్యవధి ఇంకా తక్కువ. ఉబ్బసం ఉన్న అక్కయ్యలు గుప్తకాశిలోనో గౌరీకుండంలోనో ఒక రాత్రి అదనంగా ఆగేటట్టు బస్సువాళ్ళతో ముందే మాట్లాడుకోండి. మూటలో కట్టి వాసన చూసే కర్పూరం ప్రాణవాయువును పెంచదు. ఘాటువాసన కొందరికి ఆయాసం తెస్తుంది కూడా. తలనొప్పికి ఆస్పిరిన్, బ్రూఫెన్ వంటివి కొంతమంది ఉబ్బసం రోగులకు పడవు. పారాసెటమాల్ ఉంచుకోండి. ఎత్తు జబ్బుకు ముందుగా ఇచ్చే డయామాక్స్ బిళ్ళ డాక్టరు చెప్పందే వేసుకోవద్దు, సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి తప్పక చెప్పాలి.

మూటలో సర్దేటప్పుడు మందు డబ్బాలు రెండు ఉండాలి. ఒకటి పిల్ల దగ్గర, రెండోది గురువు దగ్గరో జతపిల్ల దగ్గరో. చలికి డబ్బాలోని ఒత్తిడి తగ్గి మందు సరిగా చిమ్మదు. అంచేత సంచిలో కాకుండా చొక్కా లోపల, ఒంటికి తగిలేలా పెట్టుకోవాలి, రాత్రి దుప్పట్లో పెట్టుకుని పడుకోవాలి. ఊపిరి బలం కొలిచే పీక ఉన్నవారు ఒకటి తెలుసుకోండి. పలచని గాలిలో అది ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. కిందటి అంకెతో పోల్చి గాభరా పడకుండా, పైకి చేరిన మొదటి రోజు అంకె రాసుకుని దానితో పోల్చాలి. ఇక డబ్బాలో ఎన్ని మోతాదులు మిగిలాయో బయలుదేరే ముందే చూసుకోండి. అంకె కనిపించే కిటికీ లేని డబ్బా అయితే, ఊపి చూస్తే చప్పుడు వచ్చినంత మాత్రాన లోపల మందు ఉన్నట్టు కాదు. మందు అయిపోయాక కూడా ఉత్త గాలి చిమ్ముతూనే ఉంటుంది. కొత్త డబ్బా తెరిచిన తేదీ దానిమీద రాసి, పూటకు ఎన్నిసార్లు నొక్కుతున్నారో లెక్కపెట్టుకుంటే, రెండు వందల మోతాదులు ఏ రోజుకు అయిపోతాయో మీకే తెలుస్తుంది.